నీళ్ళు వచ్చిన ఇళ్ళవాళ్ళు కూడా ప్రార్థించారు



2024 సెప్టెంబర్ మొదటి రోజులను మన ఇబ్రహీంపట్నంలో ఎవరమూ మరచిపోలేము. ఇటు కృష్ణమ్మ పొంగి ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అటు బుడమేరు డైవర్షన్ కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. ఆ నీరు విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మీద పడింది. రాత్రికి రాత్రి మంచాలు మునిగాయి, తెల్లారేసరికి మేడ మెట్లు మునిగాయి. కొన్ని వీధుల్లో నీళ్ళు తీయడానికి వారం రోజులు పైనే పట్టింది.

నీళ్ళు తీసిన తరువాత వచ్చిన ఆదివారాల్లో సాక్ష్యాలు మొదలయ్యాయి. "మా వీధి చివరిదాకా వచ్చిన నీళ్ళు మా గుమ్మం ముందు ఆగిపోయాయి. ఆ రాత్రంతా జపమాల చెప్పుకున్నాం. ప్రార్థన ఫలించింది." ఇలాంటి మాటలు మనం గుడిలో విన్నాం, ఇళ్ళల్లో విన్నాం, ఫోన్లలో విన్నాం. విని "స్తోత్రం" అన్నాం. అలా అన్నవాళ్ళలో మేమూ ఉన్నాం.

ఒక ఆదివారం పూజ అయిన తరువాత ఒక తల్లి గుడి వెనక బెంచీ మీద కూర్చుండిపోయింది. సింగ్‌నగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ చుట్టాల ఇంట్లో ఉంటోంది. దగ్గరికి వెళ్తే లేచి నిలబడి "స్తోత్రం ఫాదర్ గారూ" అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఒక్కటే అడిగింది. "మేమూ చేసుకున్నామండీ ఆ రాత్రి జపమాల. పిల్లల్ని పైకి ఎక్కించి చీకట్లో చెప్పుకుంటూనే ఉన్నాం. మరి మా ఇంటికి నీళ్ళు ఎందుకు వచ్చినయ్యండీ? మా ప్రార్థనలో ఏం తక్కువైంది?"

ఆ ప్రశ్న ఆమె మనసులో దానంతట అది పుట్టింది కాదు. ఎవరో ఆమెతో అన్నారు: "విశ్వాసం గట్టిగా ఉంటే నీళ్ళు గుమ్మం దాటేవి కావు." కొట్టుకుపోయిన సామాను మళ్ళీ కొనుక్కోవచ్చు. ఈ మాట చేసిన గాయం మాత్రం సామాను పోయినట్టు కాదు. అది దేవుని మీద ఉన్న నమ్మకాన్నే పట్టుకుపోతుంది. అందుకే ఈ మాట మీద ఇవాళ కాస్త గట్టిగానే రాస్తున్నాం. కొందరికి కష్టంగా ఉన్నా ఓపికగా చదవండి.

మేము చెప్పేది ఇది: ప్రార్థన ఫలాన్ని కంటికి కనిపించేదానితో కొలవడం తప్పు. పైకి విశ్వాసంలా కనిపించినా అది అవిశ్వాసమే. అది దేవుణ్ణి ఎంత అవమానిస్తుందో, పక్కింటివాణ్ణీ అంతే గాయపరుస్తుంది.

ఆ సాక్ష్యంలో దాగి ఉన్న లెక్క చూడండి. నేను ప్రార్థించాను, నీళ్ళు రాలేదు. కాబట్టి నీళ్ళు రాకపోవడం నా ప్రార్థన ఫలం. అయితే నీళ్ళు వచ్చిన ఇంటివాడు ప్రార్థించి ఉండడు, లేదా అతని ప్రార్థనలో బలం లేదు. రెండో సగం మనం పైకి అనం. అనకపోయినా వినేవాడికి వినపడుతుంది. గుడి వెనక బెంచీ మీద కూర్చున్న ఆ తల్లికి వినపడింది.

ఈ లెక్కను మన ప్రభువే కొట్టివేశారు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు జనం ఏమనుకున్నారో ఆయనకు తెలుసు. చనిపోయినవాళ్ళు యెరూషలేములో మిగిలినవాళ్ళకంటే పాపులని మీరు అనుకుంటున్నారా అని అడిగి, కాదని తానే జవాబు చెప్పారు. అది లూకా సువిశేషం 13వ అధ్యాయంలో ఉంది. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, పాపం వీడిదా వీడి తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగినప్పుడూ ఇద్దరిదీ కాదన్నారు. యోహాను 9వ అధ్యాయం తీసి చూడండి. యోబు దగ్గర కూర్చుని "నీలో ఏదో తప్పు ఉండి ఉంటుంది" అని నచ్చజెప్పిన స్నేహితుల మీద దేవుడు చివరికి కోపగించుకున్నారు. ఆ స్నేహితులు నాస్తికులు కారు, మనలాగే భక్తులు. దేవుని పక్షాన మాట్లాడుతున్నామనే అనుకున్నారు.

"అది మన గుడిలో లేదు ఫాదర్, బయట స్వస్థత కూటాల్లో ఉంది" అని మీలో కొందరు అంటారు. నిజమే, బయట చాలానే ఉంది. తైలం సీసా కొనుక్కుంటే ఉద్యోగం, కానుక విత్తనంగా వేస్తే నూరంతల పంట, పేరు రాసి డబ్బు పంపితే వీసా. దేవుని పేరు మీద జరిగే ఆ బేరం గురించి ఎక్కువ రాయనక్కరలేదు, మీకే తెలుసు. మన శ్రీసభ 2000 సెప్టెంబర్ 14న స్వస్థత ప్రార్థనల మీద విశ్వాస సిద్ధాంత పరిరక్షక శాఖ ద్వారా ఒక ఉత్తర్వు ఇచ్చింది. స్వస్థత కోసం ప్రార్థించమనే చెప్పింది. ఉద్రేకాలకు, నాటకీయతకు, సంచలనానికి చోటివ్వవద్దని కూడా చెప్పింది.

ఎదుటివాళ్ళ మీద రాయి వేసేముందు మన చేతులు చూసుకుందాం. మన గుణదల సంగతేమిటి? 1924లో ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ అర్లాటి గారు అక్కడ లూర్దుమాత స్వరూపాన్ని నెలకొల్పారు. నూరేళ్ళు దాటింది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మన ఊళ్ళనుంచి నడిచి వెళ్తున్నాం. తలనీలాలు ఇస్తున్నాం, కొబ్బరికాయలు కొడుతున్నాం, కొండ ఎక్కుతున్నాం. తల్లి దగ్గరికి వెళ్ళడం తప్పు కాదు, మొక్కుకోవడమూ తప్పు కాదు. కాని ఎంతమందిమి వడ్డీ వ్యాపారి లెక్కతో వెళ్తున్నాం? "మూడేళ్ళు వరుసగా వచ్చామమ్మా, ఇంకా సంబంధం కుదరలేదు. ఈ ఏడు చూసి మానేస్తాం." ఇలా తల్లికి గడువు పెట్టినవాళ్ళు మన విచారణలోనే ఉన్నారు. బయటివాళ్ళు తైలం సీసాతో చేసే బేరాన్ని మనం కొబ్బరికాయతో చేస్తే అది కతోలిక భక్తి అయిపోదు.

అసలు ఆ లూర్దు కథే మన లెక్కకు అడ్డం తిరుగుతుంది. 1858లో మరియమాత దర్శనం పొందిన బెర్నదెత్తమ్మ చిన్నప్పటినుంచి ఉబ్బసం రోగి. ఆమె చేతులతో తవ్విన చోట ఊట పుట్టింది. ఆ నీళ్ళతో ఎందరో బాగుపడ్డారని చెప్పుకున్నారు. ఆమె మాత్రం బాగుపడలేదు. క్షయ ఎముకల్లోకి పాకి, 1879 ఏప్రిల్ 16న నెవేర్ మఠంలో 35 ఏళ్ళకే కన్నుమూసింది. ఈ లోకంలో సుఖం ఇస్తానని తల్లి తనకు మాట ఇవ్వలేదని, పరలోకంలో ఇస్తానన్నదని ఆమే చెప్పింది. "విశ్వాసం గట్టిగా ఉంటే" అనే మాట బెర్నదెత్తమ్మ మంచం పక్కన నిలబడి అనగలమా?

ఇంకో సంగతి. లూర్దుకు కోట్లమంది వెళ్ళారు. బాగుపడ్డామని వేలమంది వచ్చి చెప్పారు. ఈ 160 ఏళ్ళకు పైగా కాలంలో, వైద్యులతో పరీక్ష చేయించి, ఇది అద్భుతమే అని శ్రీసభ ఒప్పుకున్నవి సుమారు 70 మాత్రమే. శ్రీసభకు అద్భుతాల మీద నమ్మకం లేక కాదు. అద్భుతం అనే మాటకు విలువ ఉంది కాబట్టి. మరి మిగిలిన కోట్లమంది ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళారా? వీల్‌చెయిర్ మీద వచ్చినవాళ్ళు వీల్‌చెయిర్ మీదే వెళ్ళారు. అయినా మళ్ళీ వస్తున్నారు. నడవలేనివాడు అక్కడినుంచి ఏదో తీసుకుని వెళ్ళకపోతే మళ్ళీ ఎందుకు వస్తాడు?

ఇప్పుడు మాకు ఎదురు వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మొదటి ప్రశ్న విశ్వాసులదే. "అడిగితే ఇస్తానని ప్రభువే అన్నారు కదా ఫాదర్. మీరు ఆ మాటను పలచన చేస్తున్నారు." కాదండీ. అడగాలి. పిల్లల జ్వరం గురించి, అప్పు గురించి, ఉద్యోగం గురించి ఉన్నది ఉన్నట్టు అడగాలి. ప్రభువు కూడా గెత్సేమని తోటలో ఆ పాత్రను తొలగించమని అడిగారు. పాత్ర తొలగలేదు. ఆయన విశ్వాసంలో ఏం తక్కువైంది? పునీత పౌలు గారు తన ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నారు. ముల్లు పోలేదు, కృప చాలునన్న మాట వచ్చింది. అడగండి, ఇవ్వబడుతుంది అన్న చోటనే లూకా 11వ అధ్యాయం 13వ వచనం చదవండి. తండ్రి ఏమి ఇస్తారని ఉంది? అడిగినవారికి పవిత్రాత్మను ఇస్తారని ఉంది. అంటే దేవుడు తన్నుతానే ఇచ్చుకుంటారు. మనం చేప అడిగాం, ఆయన తన ఇంటినే రాసిచ్చారు. చేప రాలేదని దస్తావేజు చించేస్తున్నాం.

అలాగని కృతజ్ఞత చెప్పవద్దని మేము అనడం లేదు. నీళ్ళు రాని ఇంటివాళ్ళు దేవునికి వందనాలు చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. "ప్రభువా, మాకు దక్కింది, మా అర్హత వల్ల కాదు, ఇది మునిగినవాళ్ళకోసం వాడతాం" అంటే అది వందనం. "మా ప్రార్థన వల్ల దక్కింది" అంటే అది గొప్ప చెప్పుకోవడం. మొదటి మాట చెప్పినవాడు పక్కవీధికి బియ్యం మోసుకెళ్తాడు. రెండో మాట చెప్పినవాడు ఫోన్లో వీడియో తీస్తాడు.

రెండో ప్రశ్న మన ఇళ్ళల్లో చదువుకున్న కుర్రాళ్ళది. "కనపడని ఫలం ఉందంటారు. కనపడనప్పుడు ఉందని ఎలా నమ్మాలి? ఫలిస్తే దేవుని మహిమ, ఫలించకపోతే కనపడని ఫలం. ఎటు చూసినా మీదే గెలుపు." ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు, న్యాయమైన ప్రశ్న. నిజానికి మా గురువులు కొందరం ఈ "కనపడని ఫలం" అన్న మాటను నోరు మూయించడానికి వాడిన రోజులున్నాయి.

మన జవాబు మన ఊరినుంచే చెబుతాం. మన ఎన్‌టీటీపీఎస్‌లో, అదే మన థర్మల్ స్టేషన్‌లో, మన సంఘంవాళ్ళు ఎందరో షిఫ్టుల్లో పని చేస్తున్నారు. రాత్రి షిఫ్టులో బాయిలర్ దగ్గర నిలబడ్డ మనిషికి తాను పుట్టించిన కరెంటు ఏ ఊరికి వెళ్ళిందో తెలియదు. ఎక్కడో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ గదిలో దీపం వెలుగుతుంది. ఆ డాక్టరుకి ఇతని పేరు తెలియదు, ఇతనికి ఆ రోగి పేరు తెలియదు. తన ఇంట్లో ఆ రాత్రి కరెంటు పోయి ఉండవచ్చు కూడా. అంతమాత్రాన తన షిఫ్టు వృథా అయిందని అనుకుంటాడా? శ్రీసభలో పునీతుల బాంధవ్యం అంటే ఇదే. మన ప్రార్థన క్రీస్తు ప్రార్థనలో కలిసి ఎవరికి అందాలో వారికి అందుతుంది. మన మీటరు మీద కనపడనంత మాత్రాన ఎక్కడా వెలగలేదని కాదు.

పోలికతో అన్నీ రుజువు కావు, మాకు తెలుసు. కాబట్టి మనుషుల్ని చూడండి. పునీత చార్లెస్ డి ఫుకో గారు సహారా ఎడారిలో ఏళ్ళ తరబడి దివ్యసత్ప్రసాదం ముందు ఒంటరిగా మోకరించారు. తనతో కలిసి జీవించే సహోదరులను ఇమ్మని దేవుణ్ణి అడిగారు. ఒక్కరూ స్థిరంగా నిలవలేదు. 1916 డిసెంబర్ 1న తమన్రాసెత్‌లో తుపాకి గుండుకు నేలకొరిగారు. ఆ రోజు లెక్క కడితే ఫలం సున్నా. 1933లో, అంటే ఆయన పోయిన పదిహేడేళ్ళకు, ఆయన బాటలో చిన్న యేసు సహోదరుల సభ మొదలైంది. తరువాత సహోదరీలు వచ్చారు. 2022 మే 15న మన దేవసహాయం పిళ్ళై గారితో పాటు ఆయన్నూ పునీతునిగా ప్రకటించారు. ఆయన మాత్రం వీటిలో ఒక్కటీ చూడలేదు.

పునీత మోనికమ్మ గారు కొడుకు అగస్టీను కోసం ఏళ్ళ తరబడి ఏడ్చారు. ఒక రాత్రి ఆమె ప్రార్థన ఒక్కటే: కొడుకు ఓడ ఎక్కి రోముకు వెళ్ళకూడదు. ఆమె గుడిలో ప్రార్థిస్తూ ఉండగానే అతడు ఆమెను మోసం చేసి ఓడ ఎక్కాడు. తెల్లవారితే ఆ తల్లికి తన ప్రార్థన ఏమైనట్టు కనిపించి ఉంటుంది? ఆ ప్రయాణమే అతణ్ణి మిలాను నగరానికి, పునీత అంబ్రోసు గారి దగ్గరికి చేర్చింది. 387 పాస్కా జాగరణ రాత్రి అక్కడే అతనికి జ్ఞానస్నానం జరిగింది. ఆ రాత్రి అడిగింది దేవుడు ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి అడిగింది ఇవ్వడానికే ఇవ్వలేదని అగస్టీను గారే తరువాత రాసుకున్నారు. మోనికమ్మ అది చూసి వెళ్ళింది. అందరికీ చూసే భాగ్యం ఉండదు. హెబ్రీయుల లేఖ 11వ అధ్యాయంలో విశ్వాసవీరుల జాబితా చదివితే, వాగ్దానం చేతికి అందకుండానే చనిపోయినవాళ్ళని ఉంటుంది. వాళ్ళు ఓడిపోయారని అనలేదు.

ఇంకొక్క మాట ఆ కుర్రాళ్ళకు. కనపడని ఫలం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. బుడమేరు గండ్లు జపమాలతో పూడలేదు. వానలో రాళ్ళు, మట్టి వేసి మనుషులు పూడ్చారు, మన సైనికులు వచ్చి సాయపడ్డారు. గట్టు ఎందుకు తెగింది, వాగు దారిలో ఇళ్ళు ఎలా లేచాయి అని అడగడం మన పౌరధర్మం. "దేవుని చిత్తం" అని ఆ ప్రశ్నను మూసేస్తే అది భక్తి కాదు. చలికి వణికేవాడితో వెచ్చగా ఉండు పో అని చెప్పి పంపే విశ్వాసం చచ్చినదని యాకోబు గారు ఎప్పుడో రాశారు. ప్రార్థన చేసిన మోకాళ్ళు లేచి నడవాలి. అలా నడిపించడం కూడా ప్రార్థన ఫలమే. బస్తా మోసేవాడు అది తన భుజబలం అనుకుంటాడు కాబట్టి ఆ ఫలం ఎవరి లెక్కలోకీ రాదు.

మన రైతులకు ఇది చెప్పనక్కరలేదు. డెల్టాలో మినుములు ఎలా చల్లుతారు? వరి ఇంకా చేలో నిలబడి ఉండగానే, కోతకు రెండు మూడు రోజుల ముందు, ఆ తడిలో చల్లుతారు. ఆ రోజు గట్టు మీద నిలబడి చూస్తే కనిపించేది వరి. గింజ కనపడదు. వరి కోసి పనలు ఎత్తాక మోళ్ళ మధ్య మొలక కనిపిస్తుంది. తరువాత కాలువ నీళ్ళు పెట్టకుండా, నేలలో మిగిలిన తేమతో, మంచుతో పెరుగుతుంది. వరి కోసేశారు, అంతా అయిపోయింది అని కొత్తవాడు అనుకున్న రోజున అసలు రెండో పంట మొదలై ఉంటుంది. విత్తినవాడు నిద్రపోతూ లేస్తూ ఉండగా, ఎలాగో అతనికే తెలియకుండా గింజ మొలిచిందని మార్కు సువిశేషం 4వ అధ్యాయంలో ప్రభువు చెప్పింది మన చేలలోనే ఉంది.

ఇప్పుడు మా వంతు. ఈ తప్పులో మొదటి భాగం మాది. రోగి మంచం పక్కన నిలబడి "ప్రార్థన చేస్తున్నాంగా, ఏం కాదు, లేచి తిరుగుతావు" అని మాట ఇచ్చిన రోజులున్నాయి. ఇవ్వడానికి ఆ మాట మాది కాదు. మనిషి పోయాక ఆ ఇంటికి వెళ్ళడానికి మాకే ముఖం చెల్లలేదు. ధైర్యం చెప్పాలనే తొందరలో దేవుని తరఫున సంతకం పెట్టేశాం. అలాంటి మాట మా నోట విని తరువాత గుడికి దూరమైనవాళ్ళు ఉంటే మమ్మల్ని క్షమించమని అడుగుతున్నాం.

కాబట్టి మన విచారణలో ఇకమీదట కొన్ని పాటిద్దాం. దుఃఖంలో ఉన్నవాళ్ళను "ప్రార్థన చేశారా?" అని అడగవద్దు. వాళ్ళు చేసి ఉంటారు, మనకంటే ఎక్కువే చేసి ఉంటారు. వెళ్ళి పక్కన కూర్చోండి, అన్నం తీసుకెళ్ళండి. సాక్ష్యం చెప్పేముందు, నా మాట వింటున్నవాళ్ళలో ఇదే అడిగి దొరకనివాళ్ళు ఉన్నారా అని ఒక్కసారి ఆలోచించండి. ఉంటే వాళ్ళు కూడా ఆమెన్ అనగలిగేలా చెప్పండి. దేవునికి గడువులు పెట్టవద్దు. రోజుకు ఒక్క పరలోకజపం, ఒక్క మంగళవార్త జపం ఎవరో మీకు తెలియనివాళ్ళకోసం చెప్పండి. ఈ రాత్రి ఒంటరిగా చనిపోతున్నవాళ్ళకోసం, ఉత్తరించు స్థలంలో తమకోసం ప్రార్థించేవారు లేని ఆత్మలకోసం. దాని ఫలం మీకు ఎన్నటికీ కనపడదు. అందుకే అది బేరం కాకుండా ప్రార్థనగా నిలుస్తుంది.

ఆ తల్లి సంగతి అడుగుతారు. చివరికి ఇల్లు తిరిగి వచ్చిందా, కష్టం తీరిందా అని. ఇలాంటి వ్యాసం చివర అలాంటిదొకటి చెప్పడం అలవాటు కదా. చెప్పడానికి ఏమీ లేదు. బురద కడుక్కున్నారు, అప్పు మీద మంచం, స్టవ్వు కొనుక్కున్నారు, అప్పు ఇంకా తీరలేదు. ఆ రోజు ఆమె అడిగినదానికి మేము చెప్పింది ఒక్కటే: "ఏమీ తక్కువ కాలేదమ్మా." ఆమె కాసేపు మా వంక చూసి, తలమీద కొంగు సర్దుకుని, మళ్ళీ మోకరించి జపమాల తీసింది. ఆ చీకటి రాత్రి మేడమీద సగంలో ఆగిపోయిన జపమాల అట, పూర్తి చేసుకుంటానంది.

ఇల్లు మునిగిన తరువాత కూడా ఆ తల్లి చేతిలో జపమాల ఉంది. దాన్ని ఏ ఫలంగా లెక్క వేస్తారో మీరే చెప్పండి.

ప్రార్థిద్దాం. తండ్రీ, మేము అడిగినవి ఇచ్చినప్పుడు గర్వపడకుండా, ఇవ్వనప్పుడు మీ చేయి విడవకుండా మమ్మల్ని కాపాడండి. మా మాటలవల్ల గాయపడినవారిని మీరే ఓదార్చండి. మాకు కనపడని చోట మీరు చేస్తున్న పనికి మీకు వందనాలు. మా ప్రభువైన క్రీస్తు ద్వారా ప్రార్థిస్తున్నాం. ఆమెన్.

గుణదల లూర్దుమాతా, మా కొరకు ప్రార్థించండి.